నేటి పలకకు తాళ మెవరు వేయవలెను?

అక్షరాభ్యాసము నాడు తండ్రి పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, వాని చేయి తన చేతబట్టి, బియ్యములో ఓనమాలు దిద్దించుట మన యాచారము. పలకయు బలపమును ఆ పిమ్మట వాని చేతికి వచ్చెడివి. నేడు పలక మారినది. ట్యాబు అను అద్దపు పలక మన పట్టణములలో మాటలు రాని శిశువు చేతికి సైతము వచ్చుచున్నది. పలక మారినందుకు మాకు విచారము లేదు. చేయి పట్టుకొనువారు లేకపోయినందుకే మా విచారము.

ఈ పలకకు తాళము లేకపోలేదు. గూగుల్ సంస్థ 2017లో ఫ్యామిలీ లింక్ అను సాధనమును, ఆపిల్ సంస్థ 2018లో స్క్రీన్ టైమ్ అను దానిని వెలువరించినవి. బిడ్డ దినమునకు ఎంతసేపు చూడవచ్చునో, రాత్రి ఏ గంటకు ట్యాబు మూతపడవలెనో, ఏ యాప్ పెట్టుకొనవచ్చునో తల్లిదండ్రులే నిర్ణయింపవచ్చును. దానికి వేరుగా వెల లేదు. అయినను ఎన్ని యిండ్లలో ఈ తాళము పడినది? పాఠకులు తమ యింటి సంగతి తామే విచారించుకొందురు గాక.

మా యింటి సంగతి మేమే ముందుగా ఒప్పుకొనెదము. మా కుమార్తెకు ట్యాబు కొన్న దినమున, కోర్టుకు వేళ మించుచున్నదను తొందరలో, మా సొంత ఖాతాతోనే దానిని తెరిచి యిచ్చితిమి. ఆ యంత్రమునకు తెలిసినంతవరకు దానిని చూచుచున్నది నలువది దాటిన వకీలు. పదేండ్ల బాలిక కాదు. కావున పెద్దవారికి చూపునదెల్ల అడ్డులేక చూపినది. కొన్ని నెలలకు మేల్కొని తాళము వేసితిమి. తాళపు సంఖ్యగా ఆమె పుట్టిన సంవత్సరమునే పెట్టితిమి! మరునాటి సాయంకాలమునకే ఆమె దానిని విప్పినది. తప్పు బిడ్డది కాదు, మాది.

"ఇవి మనకు తెలియవు, పిల్లలకే తెలియును" అని కొందరు పెద్దలు నవ్వుచు చెప్పుదురు. ఈ పెద్దలే టీకొట్టు నొద్ద పది రూపాయలు ఫోనుతో చెల్లించుచున్నారు. బ్యాంకు రహస్యసంఖ్యను భార్యకు సైతము చెప్పరు. ధనమునకు తాళము వేయ నేర్చినవారు బిడ్డ చూపునకు కావలి పెట్ట నేర్వలేరా? ఇది తెలియనితనము కాదు, ఉపేక్ష. మరికొందరు "ట్యాబు లేనిదే ముద్ద దిగదు" అందురు. రెండేండ్లు నిండని శిశువులకు తెర తగదనియు, నాలుగేండ్ల వరకు దినమునకు ఒక గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పినది. ట్యాబు రాకమునుపు మన తల్లులు చందమామను చూపి అన్నము పెట్టలేదా?

అయితే నేరమంతయు తల్లిదండ్రులదేనా? కాదని మేము గట్టిగా వాదించెదము. ఒక దృశ్యము ముగియకమునుపే మరియొకటి తనంత తాను మొదలగునట్లు అమర్చినవారెవరు? తాళమును అరలలోని యరలో దాచినవారెవరు? తలుపు బార్లా తెరిచి, తాళపుచెవిని అటకమీద దాచి, దొంగ పడినచో గృహస్థుని నిందించువారి న్యాయమిది. ఆస్ట్రేలియా ప్రభుత్వము ఈ న్యాయమును త్రోసిపుచ్చినది. 16 ఏండ్లలోపు వారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలు లేకుండ చూచు భారమును, 2024లో చేసిన చట్టము ద్వారా, 2025 డిసెంబరు 10 నుండి ఆయా సంస్థల మీదనే మోపినది. శిక్ష సంస్థలకే గాని తల్లిదండ్రులకు లేదు, బిడ్డలకు లేదు.

మన చట్టము మాత్రము మూగది కాదు. మైనరు ఒప్పందమునకు అర్హుడు కాడని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. అట్టి ఒప్పందము చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. అట్లుండగా పదేండ్ల పిల్ల "అంగీకరించుచున్నాను" అను మీట నొక్కుట కర్థమేమి? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల అనుమతి ఉండితీరవలెననుచున్నది. బిడ్డల వెంటబడి గమనించుటను, వారికి గురిపెట్టి ప్రకటనలు చూపుటను నిషేధించుచున్నది. తప్పినచో 200 కోట్ల రూపాయల వరకు జరిమానా. నియమావళి 2025 నవంబరులో వెలువడినది. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చిరి. అనుమతి కోరు పత్రము రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలుండవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. తెలుగు ఆ షెడ్యూలులోనిదే. తెలుగున అడుగుడు, అది బిచ్చము కాదు, హక్కు.

కాని బిడ్డ యొక్క చట్టబద్ధమైన రక్షణయంతయు ఒక్క అంకె మీద నిలిచియున్నది: అది బిడ్డ పుట్టిన సంవత్సరము. తండ్రియే అబద్ధము వ్రాసి యిచ్చినచో ఏ చట్టమును రక్షింపలేదు. కావున ఈ సాయంకాలమే బిడ్డ పేర, నిజమైన పుట్టినతేదీతో, ప్రత్యేక ఖాతా తెరువుడు. దానిని మీ ఖాతాకు ముడివేయుడు. క్రొత్త యాప్‌నకును, ప్రతి కొనుగోలునకును మీ అనుమతి కావలెనని పెట్టుడు. నిద్రవేళను నిర్ణయింపుడు. తాళపు సంఖ్య బిడ్డ ఊహింపలేనిదై యుండవలెను. తాతగారి ఫోనును మరువకుడు. ముందువాకిలి మూసినచో పిల్లలు పెరటిదారి నెరుగుదురు.

ఇంకొక మాట. తాళము గంటలను లెక్కించును, గుణమును తూచలేదు. దొంగచాటుగా వేసిన తాళము బిడ్డకు దొంగచాటునే నేర్పును. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. బిడ్డయు ఈ దేశపు పౌరుడే. కావున ఎందుకు వేయుచున్నామో చెప్పి వేయవలెను, వయసు పెరిగినకొలది సడలింపవలెను. భోజనముల వేళ తండ్రి ఫోనుకును అదే నియమము వర్తింపవలెను. తాను పాటింపని శాసనమును ఇతరులపై రుద్దుట పరప్రభుత్వ లక్షణము. గృహమున అది చెల్లదు.

తెలియనివారికి తెలిసినవారు నేర్పుట మన గ్రంథాలయములకు క్రొత్త కాదు. 1914లో బెజవాడలో గ్రంథాలయోద్యమమునకు సంఘము కట్టిన జాతి మనది. ప్రతి పఠనాలయమునను నెలకొక సాయంకాలము బల్ల వేసి, వచ్చిన తల్లిదండ్రులకు ఈ తాళము వేయుట చూపింపవలెను. మా ఊరిలో మొదటి బల్ల యొద్ద మేము కూర్చుందుము. పలకను కొనగలిగినవారము, చేయి పట్టుటకు తీరిక లేదన్నచో ఆ మాటను రేపు మన బిడ్డలే క్షమింపరు.