మానిన తర్వాతి సాయంత్రాలు

ఏటా జూన్ 26న మాదకద్రవ్యాల వ్యతిరేక దినం పేరిట ర్యాలీలు జరుగుతాయి, ప్రతిజ్ఞలు చేయిస్తారు. గంజాయి పట్టివేతల వార్తలు సరేసరి, వాటికి కొరత లేదు. కానీ తాగుడు మాన్పించడానికి కేంద్రంలో చేర్చిన మనిషి అక్కడ రోజంతా ఏం చేస్తాడు, ఇంటికొచ్చాక ఏం చేయాలి అన్న మాట మన సంఘాలలో వినబడదు. ఈ వారం దాని గురించే.

ముందు ఒక లెక్క. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. మద్యం వల్ల ఇతరుల సహాయం అవసరమైన స్థితికి చేరినవారు దేశంలో సుమారు 5.7 కోట్ల మంది అని అది తేల్చింది. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. చేరి, అక్కడే ఉండి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరు. అంత అరుదుగా దొరికే పడక వృథా కాకూడదన్నదే మా ఆందోళన.

మొదటి రోజులు పూర్తిగా డాక్టరువి. ఏళ్ళ తరబడి తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. మందులతో, బి1 విటమిన్‌తో ఆ గండం దాటించాలి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు, అందులో కలిపే ఆల్ప్రజోలం వంటి మందులకు అలవాటుపడినవారు ఎంత విలవిల్లాడి ఆసుపత్రులకు చేరారో నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాలవారికి గుర్తుండే ఉంటుంది. కాబట్టి ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టాం, ఈ రోజుతో మానేశాడు అని ఇంట్లోనే ఉంచేయడం విశ్వాసం అనిపించుకోదు. ప్రార్థన ఆసుపత్రి వరండాలోనూ చేయవచ్చు.

ఒంట్లోంచి మత్తు దిగాక అసలు కష్టం మొదలవుతుంది. నెల రోజులు, కొన్నిచోట్ల మూడు నెలలు, తాగుడు ఉన్న చోట ఇప్పుడు ఏమీ లేదు. కౌన్సెలర్ అడిగితే "అంతా బాగానే ఉంది సార్" అంటాడు. బాధను మాటల్లో చెప్పడం మన ఇళ్ళలో మగపిల్లలకు ఎవరు నేర్పారు గనుక? అలాంటివాడి చేతికి కాగితం, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, నీ బతుకును ఒక రోడ్డులా గీయి, గుంతలు ఎక్కడెక్కడ పడ్డాయో చూపించు అంటే, నోరు దాటనిది గీతలోకి వస్తుంది. పదిమంది కలిసి డప్పు కొడితే పక్కవాడి దెబ్బ వినాలి, తన వంతు వచ్చేదాకా ఆగాలి. తోటకూర మడి వేసినవాడు మొలక కోసం కాచుకుని ఉండాలి. సీసా మూత తీయగానే హాయి కోరిన బుర్రకు ఆ ఆగడమే చికిత్స.

ఇవి కాలక్షేపం కాదు. మత్తు వ్యసనాలలో సంగీత చికిత్సపై 21 ప్రయోగాలను పరిశీలించిన కొక్రేన్ సమీక్ష 2022లో వచ్చింది. మామూలు చికిత్సకు సంగీతం తోడైతే తాగాలన్న తహతహ తగ్గుతోందని, చికిత్స పట్ల ఆసక్తి పెరుగుతోందని అది చెప్పింది. తోడైతే అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి. సౌలు రాజుకు దావీదు సితారా వాయించినప్పుడు నెమ్మది కలిగింది. కానీ కొన్ని అధ్యాయాలు దాటితే, అదే దావీదు వాయిస్తుండగానే ఆ రాజు ఈటె విసిరాడు. సితారా తప్పు చేయలేదు. దానితోనే సరిపెట్టుకుంటే సరిపోలేదు, అంతే.

పాటకు మన సంఘాలలో లోటు లేదు కదా అని తేలిగ్గా తీసుకోవడమూ కుదరదు. ఒక్కోసారి పాత పాట వినగానే పాత స్నేహాలు, పాత దుకాణం గుర్తొస్తాయి. అప్పుడు ఎక్కడ ఆపాలో శిక్షణ పొందినవారికి తెలుస్తుంది, క్వయర్ మాస్టారికి తెలియకపోవచ్చు.

ఇక యోగా సంగతి. చాలా కేంద్రాల దినచర్యలో అది ఉంటుంది. ఈ ఒక్క కారణంతో చికిత్సే వద్దన్న కుటుంబాలు ఉన్నాయి. 1981లో ముంబయిలో కృపా ఫౌండేషన్ స్థాపించిన కతోలిక గురువు జో పెరీరా, 12 మెట్ల కార్యక్రమానికి అయ్యంగార్ ఆసనాలు జోడించారు. ఆయన దారి అందరి మనస్సాక్షికీ ఒప్పకపోవచ్చు, ఒప్పాలని మేము అనడం లేదు. చేర్చేముందే దినచర్య అడగండి, ఆ గంటలో నడకకో తోటపనికో వీలుందా కనుక్కోండి. దాని కోసం పడక వదులుకోకండి.

అడగాల్సిన వాటిలో అంతకన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టర్ వస్తారా, ఇంటివాళ్ళు కలవవచ్చా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోదు. గేటు మీద సిలువ గుర్తు ఉన్నా ఈ చట్టం వర్తిస్తుంది. తాళం వేసి, కొట్టి మాన్పించే చోటును "ప్రార్థనా గృహం" అని పిలిచినంత మాత్రాన మనం సమర్థించనక్కర్లేదు.

తిరిగొచ్చాక సంఘం చేసే మొదటి పొరపాటు, వచ్చిన ఆదివారమే అతన్ని సాక్ష్యానికి నిలబెట్టడం. చప్పట్లు పడతాయి, ఫోటోలు వాట్సాప్‌లో తిరుగుతాయి. మూడో నెలలో కాలు జారితే ఆ మనిషి మందిరం గడప తొక్కడు, భార్య తల ఎత్తుకోలేదు. సాక్ష్యానికి ఒక ఏడాది ఆగితే ఏం పోతుంది? అతనికి ఇప్పుడు కావాల్సింది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు. కేంద్రంలో అలవాటైన డప్పును గురువారం పాటల ప్రాక్టీసులో చేతికివ్వండి. మందిరం వెనక నాలుగు గజాల మట్టి ఉంటే అప్పగించండి. జీతం రోజున ఒక పెద్ద వెళ్ళి ఇంటిదాకా తోడు నడవాలి. ప్రభురాత్రి భోజనంలో పులిసిన ద్రాక్షారసం వాడే సంఘాలు అతనికి పులియనిది విడిగా ఉంచాలి, పేరు చెప్పకుండా.

మళ్ళీ తాగితే? మళ్ళీ కేంద్రానికి తీసుకెళ్ళాలి. కేంద్ర ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446. ఆ నంబరును ఆదివారం బులెటిన్‌లో ప్రార్థన అవసరతల పక్కనే వేయవచ్చు.