విరామము నేరము కాదు

1998లో హైదరాబాదున సైబరు టవర్సు వెలసిన నాటినుండి తెలుగునాట కంప్యూటరు విద్యకు ఆదరణ యినుమడించెను. ఎకరమో రెండెకరములో అమ్మి కుమారులతోపాటు కుమార్తెలనుగూడ ఇంజనీరింగు చదివించిన రైతులు పెక్కురు కలరు. ఆ బిడ్డలలో అనేకులు కొన్నేండ్లు ఉద్యోగములందు రాణించి, శిశుపోషణకో, అత్తమామల శుశ్రూషకో, భర్త బదిలీ కారణముననో కొలువు విడుచుచున్నారు. ఎనిమిది పదేండ్లకు వారు మరల పని కోరినచో, పెక్కు కంపెనీలవారు యోగ్యతను పరీక్షింపక, దరఖాస్తులోని ఖాళీ యేండ్లనే లెక్కించి త్రోసివేయుచున్నారు. ఇది ఆ కుటుంబముల నష్టము మాత్రమే కాదు, జాతికి నష్టము.

విరామమునందు విద్య తుప్పుపట్టునని వారి వాదము. సాధనములు మారుట నిజమే. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీ మొదలుగా కృత్రిమమేధ ప్రోగ్రాములు వ్రాయు తీరునే మార్చుచున్నది. కాని పునాదులు కదలలేదు. 1970లో కాడ్ అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన పట్టికల పద్ధతియే నేటికిని బ్యాంకుల ఖాతాలను మోయుచున్నది. ఆ దశకారంభమున పుట్టిన సీ భాష నేటికిని వాడుకలో నున్నది. మూలము నెరిగినవారికి క్రొత్త పనిముట్టు నేర్చుట కొలది మాసముల పని. నాలుగేండ్లు బీడుపడిన పొలమును చవిటినేల యని విడిచిపెట్టు రైతు కలడా? దున్ని చూచినగదా సారము తెలియును!

ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచి, 50 మందికి తక్కువగాని ఉద్యోగులున్నచోట శిశుపాలనాలయ ముండవలెనని 2017 నాటి చట్టసవరణ విధించెను. అది శ్లాఘనీయమే. కాని అది కొలువునందున్నవారికే రక్ష. విడిచినవారికి దారి చూపలేదు. వృత్తి నడుమ ఆగిన స్త్రీ శాస్త్రజ్ఞులకు భారత ప్రభుత్వము 2002 ప్రాంతముననే పరిశోధనా సహాయ మారంభించెను. ఆ నీతిని కంప్యూటరు పరిశ్రమకేల వర్తింపజేయరాదు?

2025లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము విశాఖపట్టణమున ఒక పెద్ద కంపెనీకి 21 ఎకరములకు పైబడిన భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఒసగ నిర్ణయించెను. ఉద్యోగముల కొరకు ప్రజల భూమి నిచ్చుట తప్పు కాదు. కాని ఇచ్చునపుడు ఒక షరతు విధింపవచ్చును. విరామానంతరము వచ్చువారికి ఏటేట కొన్ని స్థానములు కేటాయించి, ఆరుమాసములు జీతముతో శిక్షణ నిచ్చి, పిదప పరీక్షించి నియమింపవలెను. వారి పూర్వానుభవమును గణింపక క్రొత్తవారి జీతమునకే కుదుర్చుకొనుట న్యాయము కాదు.

కోరువారికిని విధి కలదు. ఐఐటీలు 2003నుండి నడుపుచున్న ఎన్‌పీటెల్ పాఠములు ఉచితముగ లభించుచున్నవి. వాని నభ్యసించి, చిన్న పని యొకటి స్వయముగ చేసి చూపినచో ఖాళీ యేండ్లకు అదియే ప్రత్యుత్తరము.

ఇక గృహస్థులకు మా విజ్ఞప్తి. కోడలు కొలువునకు పోవలెనని కోరుచు, వంటయు పిల్లలయు వృద్ధులయు భారమంతయు ఆమె నెత్తిననే యుంచినచో ఏ చట్టమును ఆమెను నిలుపజాలదు. భర్త ఆ భారమున సగము వహించిననాడే ఆమె పునఃప్రవేశము నిజమగును. ప్రభుత్వములును, కంపెనీలును, కుటుంబములును తమతమ పాలి పని చేయుదురుగాక!