వాడని పరికరానికీ చాకిరీ తప్పదు

ఆపరేషన్ థియేటర్లో పరికరాల సెట్ విప్పితే అందులోవన్నీ వాడినట్టే లెక్క. సర్జన్ చెయ్యి తగలని ఫోర్సెప్స్‌నూ మళ్లీ కడిగి, ఆరబెట్టి, ఆటోక్లేవ్ చేయాల్సిందే. షికాగో విశ్వవిద్యాలయంలో 49 ఆపరేషన్లను దగ్గరుండి గమనించిన పరిశోధకులు 2014లో దీన్ని లెక్కగట్టారు. చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్లలో ట్రేలోని పరికరాల్లో వాడినవి 13 శాతమే. చూసిన నాలుగు విభాగాల్లో మెరుగనిపించిన న్యూరోసర్జరీలోనూ అది 22 శాతం దాటలేదు.

ఈ మిగులు ఎక్కడిది? ఏదో కేసులో ఒక క్లాంప్ అవసరమవుతుంది, సెట్లో ఉండదు, సర్జన్ కేకలేస్తారు. మర్నాటి నుంచి అది సెట్లో చేరిపోతుంది. ఆయన బదిలీపై వెళ్లినా క్లాంప్ వెళ్లదు. చేర్చడానికి ఒక్క మాట చాలు. తీసేయమనే అధికారం ఎవరిదో ఎవరికీ తెలియదు.

చాకిరీ అంటే ఏమిటో ఒక్క ఆర్టరీ ఫోర్సెప్స్‌తో చూద్దాం. లాక్ విప్పి, కీలులోనూ పళ్ల సందుల్లోనూ బ్రష్‌తో రుద్దాలి. రక్తం ఎండి అంటుకుపోతే దాని కిందికి ఆవిరి చేరదు. వెలుతురులో పట్టుకుని మొనలు సరిగ్గా కలుస్తున్నాయో లేదో చూడాలి. 134 డిగ్రీల ఆవిరిలో ఉంచేది మూడు నాలుగు నిమిషాలే. మనిషి చేతులతో చేసే పని అంతకంటే చాలా ఎక్కువ. ఆపైన లెక్కింపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 చెక్‌లిస్టు ప్రకారం రోగిని థియేటర్ దాటించే ముందే పరికరాల లెక్క సరిపోయిందని నర్సు పైకి చెప్పాలి. ఒక్కటి తగ్గినా వెతుకులాట, దొరక్కపోతే ఎక్స్‌రే. అంతసేపూ రోగి మత్తులోనే.

సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి ఇలాంటి మిగులును ఏరేసి వెన్నెముక ఆపరేషన్ సెట్‌ను సుమారు 70 శాతం తగ్గించింది. టేబుల్ సర్దే సమయం మూడో వంతుకు పైగా తగ్గింది.

మన దగ్గర మొదట చూడాల్సింది సిజేరియన్ సెట్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పుల్లో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అవన్నీ అవసరమా అన్నది వేరే చర్చ, అదీ జరగాల్సిందే. ఈలోగా, ఇన్నిసార్లు విప్పే సెట్లో ఒక్కటి మిగులున్నా ఆ చాకిరీ ప్రతి కేసుకూ పడుతుంది.

అలాగని తోచినట్టు పీకేస్తే ప్రాణం మీదికొస్తుంది. కాన్పు తర్వాత రక్తం ఆగక గర్భసంచి తీయాల్సివస్తే, అందుకు కావాల్సిన క్లాంపుల కోసం స్టోర్‌కు పరుగెత్తే వ్యవధి ఉండదు. వాటిని విడిగా ప్యాక్ చేసి, స్టెరిలైజ్ చేసి థియేటర్లోనే ఉంచాలి. అవసరమైతేనే విప్పాలి.

ఏవి తీయాలో సర్జన్లు మాత్రమే కూర్చుని తేలిస్తే అన్నీ కావాలనే అనిపిస్తుంది. వాడినవాటికి స్క్రబ్ నర్సు కేసువారీగా టిక్కులు పెట్టిన కాగితం వారి ముందుండాలి. కడిగేవారికీ ఆ సమావేశంలో కుర్చీ వేయాలి. తీసినవాటిలో పనికొచ్చేవాటికి తక్కువైనవి కొని కలిపితే రెండో సెట్ తయారవుతుంది. ఒకే సెట్‌తో నెట్టుకొచ్చే ఆసుపత్రిలో తర్వాతి కేసు ఆటోక్లేవ్ కోసం ఆగాల్సిన పని ఉండదు.