పిల్లల గొంతు, పెద్దల మౌనం

మన సంఘం ఉగాది సంచికలో వంటల గురించీ, పద్యాల గురించీ, పిల్లలకు తెలుగు నేర్పడం గురించీ వ్యాసాలు చదవడం మీకందరికీ అలవాటే. ఈసారి నేను గొంతులో మొలిచే పులిపిర్ల గురించి రాస్తున్నాను. పండగపూట ఈ రోగాల గోల ఏమిటని కొందరు విసుక్కోవచ్చు. నలుగురం కూడినచోట ఈ మాట ఎత్తడానికి అందరం సిగ్గుపడతాం కనుకనే ఇక్కడ రాయవలసి వస్తోంది.

నేను చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన ఇళ్లలో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకు కూడా హెచ్.పి.వి. టీకా వేయించాలి. అది ఒక్క క్యాన్సరును ఆపడానికే కాదు, ఇంకా పుట్టని మన మనవల గొంతును కాపాడటానికి కూడా.

ఈ జబ్బును రికరెంట్ రెస్పిరేటరీ పాపిల్లోమటోసిస్ అంటారు. పేరు నోరు తిరగదు గాని సంగతి సులభమే. చేతిమీద పులిపిర్లు లేచినట్టే స్వరతంత్రుల మీద లేస్తాయి. కారణం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. ఇందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు ముఖ్యంగా 16, 18 రకాలు కారణమైతే, ఈ గొంతు పులిపిర్లకు 6, 11 రకాలు కారణం. పెద్దవాళ్లకూ రావచ్చు. పసివాళ్లకు వచ్చేది చాలావరకు పుట్టుక సమయంలో తల్లి నుంచి సోకినదే. సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్ల వయసులో బయటపడుతుంది.

మొదట గొంతు బొంగురుపోతుంది. జలుబు చేసిందనుకుంటాం, ఎక్కువ అరిచాడనుకుంటాం. తరువాత పిల్లికూతలు వినబడితే ఉబ్బసమని మందులు వాడతాం. ఇలా నెలలు గడిచిపోవడం అరుదేమీ కాదు. ఈలోగా పులిపిర్లు పెరిగి ఊపిరికే అడ్డం పడవచ్చు. అప్పుడు పిల్లవాడికి మత్తు ఇచ్చి, లేజరుతోనో, చిన్న మరలాంటి పరికరంతోనో వాటిని తీసివేయాలి. తీసినా వైరస్ చుట్టుపక్కల కణాల్లో ఉండిపోతుంది. కొన్ని వారాలకో, నెలలకో మళ్లీ మొలుస్తాయి. జీవితంలో వందకు పైగా ఆపరేషన్లు అవసరమైన రోగులు కూడా ఉన్నారు. ప్రతి ఆపరేషనూ స్వరతంత్రులకు ఎంతో కొంత గాయమే. ఊపిరి నిలబడుతుంది గాని గొంతు మునుపటిలా ఉండకపోవచ్చు.

అరుదైన జబ్బే, ఒప్పుకుంటాను. కాని ఆ అరుదైన బిడ్డ ఎవరి ఇంట్లోనైనా పుట్టవచ్చు. ఆ ఇంట్లో జబ్బుతోపాటు మరొకటి కూడా మొదలవుతుంది. ఒకసారి ఒక తెలుగు దంపతులకు ఇదంతా వివరించాను. ఆపరేషను గురించి అడుగుతారనుకున్నాను. ఆ తల్లి మొదట అన్న మాట ఇది: "డాక్టరు గారూ, ఇది నా నుంచి వచ్చిందని మా అత్తగారితో మాత్రం అనకండి."

ఆ భయం ఎందుకో మీకు నేను చెప్పనక్కరలేదు. స్త్రీ పురుష సంబంధం ద్వారా సోకే వైరస్ అనగానే మనవాళ్లు వెంటనే శీలం లెక్కలు తీస్తారు. నిజానికి దాంపత్య జీవితం గడిపే స్త్రీ పురుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రకం సోకుతుంది. చాలామందికి అది తెలియకుండానే పోతుంది. ఎవరి నుంచి ఎవరికి, ఏ ఏడాది వచ్చిందో తేల్చే పరీక్ష లేదు. తల్లికి ఆ పులిపిర్లు ఉన్నట్టు తెలిసిన కాన్పుల్లో సైతం, డెన్మార్కులో జరిగిన ఒక పరిశోధన ప్రకారం, వెయ్యింటికి ఏడుగురు బిడ్డలకే ఈ జబ్బు వచ్చింది. సిజేరియన్ చేసినా రక్షణ కనిపించలేదు. ఇందులో తల్లి తప్పు ఎక్కడుంది?

"మా పిల్లలు అలాంటివాళ్లు కారు, వాళ్లకీ టీకా ఎందుకు?" అని సంఘం భోజనాల దగ్గర నన్ను అడిగినవారున్నారు. అమ్మా, అయ్యా, మీ పిల్లలు బుద్ధిమంతులే. రేపు వాళ్లకు పెళ్లి చేస్తారు కదా! పెళ్లాడబోయే మనిషి ఒంట్లో ఏ వైరస్ ఉందో జాతకం చెప్పదు. టీకా పనిచేయాలంటే వైరస్ తగలకముందే వేయాలి. అందుకే పదకొండు, పన్నెండేళ్ల వయసు. ఇందులో బతికున్న వైరస్ ఉండదు, దాని పైపొరను పోలిన ప్రొటీను మాత్రమే ఉంటుంది.

"మన ఖమ్మంలో ఏం జరిగిందో తెలియదా?" అని ఇంకొందరంటారు. తెలుసు. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ వేలమంది బాలికలకు ఈ టీకా వేశారు. ఏడుగురు మరణించారన్న వార్తలతో 2010లో దాన్ని ఆపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని విచారణ సంఘం తేల్చింది. కాని తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టిన మాట నిజం. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనదే. పేదపిల్లల తల్లిదండ్రులను అడగకపోవడం అక్కడి నేరం. ఇక్కడ మనల్ని అడుగుతున్నారు, చదువుకోమని కాగితాలిస్తున్నారు. అడిగినా వద్దనడానికి ఖమ్మాన్ని సాకుగా చూపడం ఆ పిల్లలకు చేసే న్యాయం కాదు.

ఫలితం చూడాలంటే ఆస్ట్రేలియా వైపు చూడండి. 2007లో ఆడపిల్లలకు, 2013లో మగపిల్లలకు అక్కడి ప్రభుత్వం టీకా మొదలుపెట్టింది. 2012లో లక్ష మంది పిల్లలకు 0.16 చొప్పున ఉన్న కొత్త కేసులు 2016కల్లా 0.02కు పడిపోయాయి. టీకా వేయించుకున్నది ఒక తరం, గొంతు దక్కింది తరువాతి తరానికి.

వైద్యం కూడా ముందుకు వెళుతోంది. 2025 ఆగస్టులో ఎఫ్.డి.ఎ. ఈ జబ్బుకు పాప్జిమియోస్ అనే తొలి మందును ఆమోదించింది. ప్రయోగంలో 35 మందిలో 18 మందికి చికిత్స తరువాత ఏడాదిపాటు ఆపరేషను అవసరం రాలేదు. సంతోషించవలసిన వార్తే. కాని ఆమోదం పెద్దవాళ్లకు మాత్రమే. మూడేళ్ల పిల్లవాడికి ఇప్పటికీ దిక్కు ఆపరేషను బల్లే.

ఇండియాలో ఉన్న మేనకోడళ్లకు, మేనల్లుళ్లకు టీకా గురించి చెప్పేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏ రకాల నుంచి రక్షిస్తుందో అడగమనండి. 16, 18 రకాలకు మాత్రమే పనిచేసే టీకాలు ఈ గొంతు జబ్బును ఆపవు. గార్డసిల్‌లోనూ, పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌లోనూ 6, 11 రకాలు కూడా ఉన్నాయి.

పిల్లవాడి గొంతు మూడు, నాలుగు వారాలకు మించి బొంగురుగా ఉంటే గొంతు వైద్యుడికి చూపించి, సన్నని గొట్టంతో స్వరపేటికను చూడమని అడగండి. మీ అబ్బాయికీ అమ్మాయికీ టీకా వేయించారా అని ఈ వారమే పిల్లల డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి. ఎవరి బిడ్డకైనా ఈ జబ్బు వచ్చిందని తెలిస్తే, ఎలా వచ్చిందని ఆరా తీయకండి. ఆపరేషను రోజున ఆ ఇంటికి భోజనం పంపండి.