ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనే వ్యవస్థల చదువు

ప్రభుత్వాసుపత్రి ఓపీ దగ్గర జనం బారులు తీరితే మనకు తోచే మార్గాలు రెండే. ఇంకో డాక్టర్‌ను వేయమనడం, ఉన్న సిబ్బందిని మందలించడం. మూడో మార్గం ఒకటుంది. ఏ వేళకు ఎందరు రోగులు వస్తున్నారు, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతోంది, ఓపీ చీటీ నుంచి మందుల కౌంటర్ దాకా ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది కొలిచి, పని నడిచే తీరునే మార్చడం. ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ నేర్పేది ఈ విద్యనే. ఏటా లక్షల మంది ఈఏపీసెట్ రాసే తెలుగు రాష్ట్రాల్లో ఈ పేరు విన్న పిల్లలు తక్కువ. విన్నవారిలోనూ చాలామంది అది ఫ్యాక్టరీలకే పరిమితమనుకుంటారు.

తప్పు పిల్లలది కాదు. మెకానికల్ బ్రాంచిలో మూడో ఏటనో, నాలుగో ఏటనో వచ్చే ఆపరేషన్స్ రీసెర్చ్ పేపర్‌తోనే సాధారణంగా ఈ విద్య పరిచయం మొదలై, అక్కడే ముగుస్తుంది. సింప్లెక్స్ పద్ధతి పట్టికలు నింపి పాసైపోతారు. జార్జ్ డాంట్జిగ్ 1947లో ఆ పద్ధతిని రూపొందించింది అమెరికా వైమానిక దళపు ప్రణాళికల చిక్కులు విప్పడానికని చాలా క్లాసుల్లో చెప్పరు. సమస్య కనిపించనప్పుడు సూత్రం బట్టీయే అవుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక్కో రోగికి సగటున 6 నిమిషాలు తీసుకునే డాక్టర్ గంటకు 10 మందిని చూడగలడు. రోగుల రాకకు, చూసే సమయానికి కచ్చితమైన క్రమం లేదనుకుంటే, క్యూయింగ్ సిద్ధాంతం చెప్పేది ఇదీ: గంటకు సగటున 8 మంది వస్తుంటే ఒక్కొక్కరు అక్కడ గడిపేది సగటున అరగంట. 9 మంది వస్తుంటే గంట. ఆ సగటు తొమ్మిదిన్నరకు చేరితే రెండు గంటలు. రద్దీ ఐదోవంతు కూడా పెరగలేదు, అక్కడ గడిపే సమయం మాత్రం నాలుగింతలైంది. డాక్టర్ ఎక్కడా బద్ధకించలేదు. ఊపిరి సలపనంత నిండిన చోట చిన్న ఒడుదొడుకైనా పెద్ద క్యూగా మారుతుంది. అందుకే రాకను గంటలవారీగా సర్దడం కూడా పరిష్కారమే. తిరుమలలో సర్వదర్శనానికి సమయం వేసిన టోకెన్లు ఇవ్వడంలో ఉన్న సూత్రం ఇదే.

1976లో మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి, పని నడిచే తీరును మార్చడానికి గొప్ప ఉదాహరణ. సర్జన్ ఒక బల్లపై ఆపరేషన్ చేస్తుండగానే పక్క బల్లపై తర్వాతి రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. సర్జన్ అవసరం లేని పనులన్నీ శిక్షణ పొందిన సహాయకులు చూసుకుంటారు. అలా మిగిలిన నిమిషాలూ తోడ్పడి, డబ్బు కట్టలేని పేదలకూ అక్కడ చూపు దక్కుతోంది.

ఈ శాస్త్రానికి చేదు చరిత్రా ఉంది. ఫ్రెడరిక్ టేలర్ శాస్త్రీయ నిర్వహణపై పుస్తకం ప్రచురించిన 1911లోనే, అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచ్ కొలతలను నిరసిస్తూ కార్మికులు పని మానేశారు. పనితో పాటు అలసటను, మనస్తత్వాన్ని కూడా చదవాలని పట్టుబట్టిన లిలియన్ గిల్‌బ్రెత్ కృషినీ విద్యార్థులు తెలుసుకోవాలి. గోదాముల్లో, డెలివరీ పనుల్లో యువత నిమిషాలతో పరుగు తీస్తున్న ఈ రోజుల్లో ఈ పాఠం మరీ అవసరం.

ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఇండస్ట్రియల్ అండ్ సిస్టమ్స్ ఇంజినీరింగ్ పేరుతోనే ఒక విభాగం ఉంది. 1963లో ముంబైలో ఇదే లక్ష్యంతో పుట్టిన నిటీ అనే సంస్థ, 2023లో ఐఐఎం ముంబై అయింది. జిల్లాల్లోని మన కాలేజీలకు అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. మొదటి ఏడాదిలో, అన్ని బ్రాంచీలకూ, ఒక క్రెడిట్ ప్రాజెక్టు చాలు. విద్యార్థులు జట్లుగా బస్టాండుకో, రైతుబజారుకో, తమ హాస్టల్ మెస్‌కో వెళ్లాలి. ఫోన్‌లోని స్టాప్‌వాచ్‌తో కొలవాలి. అక్కడ పనిచేసేవాళ్లను అడిగి ఒక మార్పు ప్రతిపాదించాలి. వీలైతే అమలుచేసి మళ్లీ కొలవాలి. కంప్యూటర్ సైన్స్ పిల్లలకు ఇది మరింత ముఖ్యం. లోపమున్న పద్ధతిని యాప్‌లోకి ఎక్కించినంత మాత్రాన లోపం పోదు.

గణితం, మెకానికల్, మేనేజ్‌మెంట్ అధ్యాపకులు కలిసి దీన్ని నడపవచ్చు. కొత్త ల్యాబులకు ఖర్చు లేదు. రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ, జేఎన్‌టీయూలూ వచ్చే సిలబస్ సవరణలోనే దీనికి చోటివ్వాలి. ప్రజల సమయాన్ని కాపాడడం కూడా ఇంజినీరు పనేనని మన పిల్లలు మొదటి ఏడాదిలోనే నేర్చుకోవాలి.