బాస్‌కి రెండు రాడ్లు చాలు

"శనివారం కూడా బాస్ ఏంట్రా? రానని చెప్పేయ్!" అంది అమ్మ ఫోన్లో. పొద్దున్నే నాలుగున్నరకి లేచి బాస్ కోసం వెళ్లాలి, ఇక పడుకుంటానని చెప్పడం నా తప్పే. ఆ బాస్ కాదమ్మా, చేప అని అర్థమయ్యేలా చెప్పేసరికి పది నిమిషాలు పట్టింది. తర్వాత ఆవిడ అడిగింది ఇంకా కష్టమైన ప్రశ్న: "పట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తావా? మరి పట్టడం దేనికి?" దానికి నా దగ్గర ఇప్పటికీ సరైన జవాబు లేదు. అందుకని ఈ వారం జవాబు తెలిసిన సంగతే రాస్తాను. చిన్న పడవలో చేపలకి వెళ్లేవాడు ఏం తీసుకెళ్లాలి, ముఖ్యంగా ఏం తీసుకెళ్లకూడదు అన్నది.

ముందు చేప గురించి రెండు ముక్కలు. దీని పూర్తి పేరు లార్జ్‌మౌత్ బాస్. ఆకుపచ్చ ఒళ్లు, పక్కన నల్లటి చార, పేరుకి తగ్గట్టు పెద్ద నోరు. మన కొరమీనుకి దూరపు చుట్టంలా అనిపిస్తుంది. నిజానికి చుట్టరికం ఏమీ లేదు గానీ బుద్ధులు కలుస్తాయి. నాచులోనో, మునిగిన చెట్టు మొదట్లోనో మాటు వేసి, దగ్గరికొచ్చిన దాన్ని ఒక్క ఊపులో మింగుతుంది. కొరమీనులాగే పిల్లల్ని కాపలా కాస్తుంది. నేనుండే డాలస్ చుట్టుపక్కల లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, రే రాబర్ట్స్ అని పెద్ద పెద్ద జలాశయాలున్నాయి. అన్నిట్లోనూ ఈ బాస్ ఉంది. మోటారు బోటు కొనే స్తోమత లేదు కాబట్టి నాది 11 అడుగుల ప్లాస్టిక్ కయాక్. కారు మీద కట్టుకుని వెళ్లడం, తెడ్డు వేసుకుంటూ తిరగడం, మధ్యాహ్నానికి ఇంటికి రావడం.

మొదటి ఏడాదంతా నేను చేపల కంటే సామాను ఎక్కువ పట్టాను. ఒక వీడియోలో ఒకాయన ఫలానా ఎర లేకపోతే వసంతంలో బాస్ పడదంటాడు. ఇంకో వీడియోలో ఇంకొకాయన దానికి ఐదు రంగులు కావాలంటాడు. చేప పడలేదంటే తప్పు నాలో లేదు, నా డబ్బాలో లేని ఎరలో ఉంది అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఇలా ఐదు రాడ్లు, ఆరు ప్లాస్టిక్ డబ్బాలు, వాటిని పెట్టుకోవడానికి సీటు వెనకాల పాల క్రేటు, లంగరు, నీటి లోతు చూపించే ఫిష్ ఫైండరు, దానికో బ్యాటరీ చేరాయి. ఓసారి సరదాకి బాత్రూమ్ కాటా మీద పెట్టి చూస్తే అన్నీ కలిపి 19 కిలోలు. ఆఫీసులో ఎవరైనా చిన్న పనికి ఇన్ని లైబ్రరీలు దిగుమతి చేసుకుంటే కోడ్ రివ్యూలో తిట్టిపోస్తాను. శనివారం మాత్రం నేను చేసేది అదే.

పోయిన మార్చిలో ఒక ఉదయం రే రాబర్ట్స్‌కి వెళ్లాను. ఎండ హాయిగా ఉంది గానీ నీళ్లు ఇంకా చలికాలం వదల్లేదు. ఇక్కడో నిజం ఒప్పుకోవాలి. అప్పటిదాకా లైఫ్ జాకెట్‌ని ఎక్కువసార్లు సీటు మీద మెత్తగా ఉంటుందని వేసుకుని కూర్చునేవాణ్ణి. టెక్సస్ చట్టం ప్రకారం మనిషికొకటి చొప్పున పడవలో జాకెట్ ఉండి తీరాలి, తప్పనిసరిగా తొడుక్కోవాల్సింది మాత్రం 13 ఏళ్ల లోపు పిల్లలే. చట్టానికి నేను సరిపోయాను కదా అని ధీమా. ఆ రోజు తొడుక్కున్నది కూడా జాగ్రత్తతో కాదు, తెల్లవారుజామున చలేసి.

తొమ్మిదిన్నర ప్రాంతంలో దక్షిణం గాలి లేచింది. అలలు మొదలయ్యాయి. క్రేటులో అడుగున ఉన్న మూడో డబ్బా కోసం నడుము తిప్పి వెనక్కి వంగాను. సరిగ్గా అప్పుడే పక్క నుంచి ఒక అల. అంతే. అంత చల్లటి నీళ్లలో పడగానే మన ప్రమేయం లేకుండా ఒక్కసారి గట్టిగా ఊపిరి లోపలికి పీల్చేస్తాం. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉందా, పైన ఉందా అన్నదే ప్రశ్న. జాకెట్ వల్ల పైన ఉంది.

అసలు భయం తర్వాత వేసింది. కయాక్ బోర్లా పడింది, నేను దూరంగా జరుగుదామంటే జరగలేకపోతున్నాను. వెనకాల రాడ్డుకి కట్టి ఉంచిన ఒక ఎరకి మూడేసి ముళ్ల గాలాలు రెండుంటాయి. అందులో ఒకటి నా జాకెట్ భుజం పట్టీకి గుచ్చుకుంది. రెండోది క్రేటు తాడుకి. ఇంకో రాడ్డు దారం చీలమండకి చుట్టుకుంది. గాలి కయాక్‌ని లాక్కుపోతుంటే, గూటానికి కట్టిన దూడలా నేనూ దాని వెనకాలే. కత్తి ఎక్కడుంది? మూడో డబ్బాలో. మూడో డబ్బా నీళ్ల అడుగున.

బోటులో అటుగా వెళ్తున్న ఒక పెద్దాయన చూసి వచ్చి, దారాలు కత్తిరించి, నన్ను లాగి కూర్చోబెట్టాడు. పళ్లు టకటకా కొట్టుకుంటుంటే కాఫీ ఇచ్చి, "ఎన్ని రాడ్లు పెట్టుకున్నావ్?" అన్నాడు. ఐదు అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, నా రెండు చేతుల వైపు చూశాడంతే. పోయినవి రెండు రాడ్లు, కళ్లజోడు, ఆ డబ్బా.

ఆ తర్వాత వెళ్లిన ఎనిమిది సార్లూ ఒక స్ప్రెడ్‌షీట్ రాశాను. తీసుకెళ్లిన ప్రతి వస్తువూ, దాన్ని ముట్టుకున్నానా లేదా, ఏ ఎరకి చేప పడింది. నూట నలభై పైచిలుకు ఎరల్లో నేను దారానికి కట్టినవి 11. పడ్డ చేపలు 31. అందులో 23 రెండే రెండు రకాల రబ్బరు వానపాములకి పడ్డాయి. మిగతా సామానంతా నేను మోసుకొచ్చి, గట్టు దాకా ఈడ్చి, మళ్లీ మోసుకెళ్తున్న బరువు మాత్రమే.

ఇప్పుడు నా దగ్గర రెండు రాడ్లు. మొదటిది 7 అడుగుల మీడియం రాడ్డు, స్పిన్నింగ్ రీలు, 10 పౌండ్ల అల్లిక దారం, దాని చివర రెండు బారల 8 పౌండ్ల ఫ్లోరోకార్బన్ దారం. తేట నీళ్లలో ఆ చివరి దారం చేపకి అంతగా కనపడదు. రెండోది కాస్త గట్టి రాడ్డు, బెయిట్‌కాస్టర్ రీలు, 15 పౌండ్ల దారం. నాచులోంచి, కొమ్మల్లోంచి చేపని లాగాలంటే ఇది. ముళ్లు రెండే. ఎర కట్టడానికి పాలొమార్, రెండు దారాలు కలపడానికి డబుల్ యూని. చీకట్లో, వణికే వేళ్లతో కూడా వేయగలిగేలా ఆ రెండూ టీవీ చూస్తూ నేర్చుకున్నాను. పది ముళ్లు సగం సగం వచ్చిన రోజుల్లో తెగిపోయిన చేపలే ఎక్కువ.

ఎరలు నాలుగు రకాలు. వాటిలో రాజు ఐదంగుళాల రబ్బరు పుల్ల. గ్యారీ యమమొటో కంపెనీ సెంకో అనే పేరుతో దీన్ని ఫేమస్ చేసింది. చూస్తే ఏమీ ఉండదు, విరిగిన పెన్ను ముక్కలా ఉంటుంది. లోపల ఉప్పు కలిపి చేస్తారు కాబట్టి సీసం గుండు అక్కర్లేకుండానే మెల్లగా మునుగుతుంది. సరిగ్గా నడుముకి గాలం గుచ్చి వదిలితే రెండు కొసలూ వణుక్కుంటూ దిగుతుంది. ఆ వణుకు చూసి బాస్ ఆగలేదు. మీరు చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటం. అదే మనకి కష్టం. రబ్బరు తొందరగా చిరుగుతుంది, నడుముకి చిన్న రింగు తొడిగితే నాలుగు చేపల దాకా వస్తుంది. అదే పుల్లని టెక్సస్ రిగ్ పద్ధతిలో, గాలం మొన రబ్బరులో దాగేలా గుచ్చి, ముందు చిన్న గుండు పెడితే నాచులో చిక్కుకోకుండా దూరిపోతుంది. రంగులు రెండే. తేట నీళ్లకి గుమ్మడికాయ ఆకుపచ్చ, బురద నీళ్లకి నలుపు నీలం.

రెండోది పుట్టగొడుగు ఆకారం గుండుకి గుచ్చే చిన్న పురుగు, చేపలు బద్ధకంగా ఉన్న రోజులకి. మూడోది గాలి ఉన్న రోజు విసిరి లాగే స్పిన్నర్ బెయిట్. నాలుగోది నాచు మీద గెంతించే బోలు రబ్బరు కప్ప. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది, మూడు ముళ్ల గాలం దేనికీ లేదు. కప్పకి మాత్రం రెండు ముళ్లుంటాయి గానీ అవి దాని వీపుకి అతుక్కుని పైకి తిరిగి ఉంటాయి. కయాక్‌లో పట్టిన చేప మన ఒళ్లోనే గంతులేస్తుంది, దాని మూతికి ఆరు ముళ్లు వేలాడుతుంటే ఆ ముళ్లు ఎవరికి దిగుతాయో చెప్పలేం. ఒంటి ముల్లయితే వల కూడా అక్కర్లేదు. బాస్ పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే, కింది పెదవిని బొటనవేలితో పట్టుకుంటే చాలు. ఈ నిర్ణయానికి నష్టం కూడా ఉంది. లోతులో కొట్టే క్రాంక్‌బెయిట్లు పోయాయి, వాటితో పాటు కొన్ని మంచి చేపలూ పోయి ఉంటాయి. పోనీ.

క్రేటు ఇప్పుడు ఇంట్లో ఉల్లిపాయలకి పనికొస్తోంది. సీటు వెనకాల ఏమీ లేదు, వెనక్కి తిరగాల్సిన అవసరం ఉండకూడదన్నదే నా రూలు. ఒక్క డబ్బా సీటు కింద. పట్టకారు, దారం కత్తెర, ఈల జాకెట్‌కే ఉంటాయి. తెడ్డుకి తాడు. ఫోన్ నీళ్లు దూరని సంచిలో, అదీ జాకెట్ జేబులో. లంగరు తీసేశాను, గాలిలో పక్క నుంచి లంగరు వేస్తే అది పడవని ఆపదు, వంచుతుంది. ఫిష్ ఫైండర్ విషయంలో నాతో వచ్చే స్నేహితుడు ఒప్పుకోడు. జులై, ఆగస్టుల్లో బాస్ లోతుకి పోతుంది, అది లేకుండా గుడ్డివాడివే అంటాడు. వాడన్నది నిజమే. నేను ఆ రెండు నెలలూ తెల్లవారకముందే దిగి, ఒడ్డు వెంట తిరిగి, తొమ్మిదింటికల్లా పైకొచ్చేస్తున్నాను. పులిహోర డబ్బా తగ్గించే ప్రసక్తి మాత్రం లేదు.

మీలో ఎవరైనా ఈ సరదాలోకి దిగితే రాడ్డు కంటే ముందు ఒక పని చేయండి. నీళ్లు వెచ్చబడ్డాక, ఒడ్డు దగ్గర, పక్కన మనిషిని పెట్టుకుని, ఖాళీ కయాక్‌ని కావాలని బోర్లించి మళ్లీ ఎక్కడం నేర్చుకోండి. దాన్ని తిప్పి, పక్కన చేరి, కాళ్లు గట్టిగా కొడుతూ పొట్ట మీద పైకి పాకాలి. అలాగే వెల్లకిలా దొర్లి, సీట్లో కూర్చుని, చివరికి కాళ్లు లోపల పెట్టుకోవాలి. జూన్‌లో మొదటిసారి నాకు నాలుగు ప్రయత్నాలు పట్టింది, ఒడ్డున పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఒక నిమిషంలోపు ఎక్కుతాను. తర్వాత నా సామానుతో కూడా చేసి చూశాను. రెండు రాడ్లతో అవుతుంది. పాత ఐదింటితో ఎక్కాలంటే అడవిలో ముళ్ల కంప ఎక్కినట్టే.

సామాను తక్కువైతే పెద్ద చేప పడదేమో అనే బెంగ నాకూ ఉండేది. ప్రపంచ రికార్డు బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే సుమారు 10 కిలోలు. 1932 జూన్ 2న జార్జియాలోని మాంట్‌గొమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు పట్టాడు. అది మహామాంద్యం కాలం. అతనూ, అతని స్నేహితుడూ చిన్న పడవలో, ఇద్దరికీ కలిపి ఒకే రాడ్డుతో వంతులవారీగా విసిరారని చెబుతారు. పెర్రీ వంతులో పడింది. తూకం వేయించుకుని ఇంటికి తీసుకెళ్తే ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. మా అమ్మ మెచ్చుకునే పద్ధతి. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దానికి సమానమైన చేపని పట్టాడు గానీ, స్పష్టంగా దాటిన వాళ్లు ఇప్పటికీ లేరు.

ఈ కథంతా అమలాపురం దగ్గరుండే మా మావయ్యకి వీడియో కాల్‌లో చెప్పాను. ఆయన చిన్నప్పటి నుంచి కాలవ గట్టున వెదురు కర్ర, బెండు, ఎర్రల డబ్బాతో కూర్చునే మనిషి. రబ్బరు కప్పని కెమెరా ముందు పెడితే పడీ పడీ నవ్వాడు. "ఏరా, మేము కొరమీనుకి నిజం కప్ప కడతాం. దానికి డబ్బులిస్తార్రా మీ ఊళ్లో?"

"తొమ్మిది డాలర్లు మావయ్యా."

కాసేపు లెక్కేసుకున్నాడు. డిసెంబర్లో వస్తున్నాను కదా, మిగిలిపోయిన రాడ్డొకటి నీకు తెస్తానన్నాను.

"రాడ్డేం చేసుకోను, కర్రుంది. ఆ దారం సన్నగా ఉన్నా తెగదన్నావే, అది తే. అమ్మాయికి చెప్పకు, ఇంకా ఏమేమో తెమ్మంటుంది."