బీపీ మాత్రతో పాటు ఎండకాలం జాగ్రత్తా చెప్పాలి

మార్చి దాటిందంటే మా మందుల షాపులో వినిపించే బాధలు మారిపోతాయి. చలికాలమంతా దగ్గు, మోకాళ్లు. ఎండ ముదిరాక మాత్రం, "అన్నా, లేస్తానే కండ్లు బైర్లు కమ్ముతాండాయి." రొళ్ల, గుడిబండ, అగళి, అమరాపురం పల్లెల నుంచి మడకశిరకు బస్సెక్కి వచ్చినవాళ్లే ఎక్కువ. మల్బరీ తోటలో కొమ్మలు కోసేవాళ్లు, వక్క తోటకు నీళ్లు కట్టేవాళ్లు, ఉపాధి పనిలో మట్టి ఎత్తేవాళ్లు. చీటీ అడిగి చూస్తే చాలాసార్లు అందులో బీపీ మాత్ర ఉంటుంది. మాత్ర మంచిదే, మోతాదూ సరైనదే. కాకపోతే అది జనవరిలో కొలిచిన బీపీకి రాసిన మోతాదు.

ఎండలో ఒళ్లు వేడెక్కితే, ఆ వేడిని బయటికి పంపడానికి చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుంటాయి. విచ్చుకోమని వాటికి చెప్పే పదార్థాల్లో నైట్రిక్ ఆక్సైడ్ ఒకటి. నాళం లోపలి పొరలోనే పుట్టి, కొన్ని సెకన్లలో మాయమయ్యే వాయువు అది. రక్తనాళాలకు ఒక వాయువు కబురు మోస్తుందని తేల్చినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ వచ్చింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర పనిచేసేదీ ఈ వాయువు వల్లే.

నాళాలు విచ్చుకుంటే రక్తపోటు దిగుతుంది. దానికి తోడు చెమటలో నీరూ ఉప్పూ పోతాయి. అప్పుడు మూత్రపిండాలు రెనిన్‌ను రక్తంలోకి వదులుతాయి. దాని వల్ల యాంజియోటెన్సిన్ తయారవుతుంది. అది నాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, ఆల్డోస్టిరాన్ అనే హార్మోనును లేపి ఉప్పు పోకుండా చూస్తుంది. మెదడు నుంచి వచ్చే వాసోప్రెసిన్ మూత్రంలో నీళ్లు పోకుండా ఆపుతుంది. చెరువు తగ్గినప్పుడు నీరుగంటి తూములు బిగించినట్టే ఇదంతా.

ఈ రెనిన్‌ను 1898లో స్టాక్‌హోంలో టీగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు మూత్రపిండాల్లో కనిపెట్టారు. ఈ వరుసను అడ్డుకునే మాత్ర రావడానికి మాత్రం ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. దారి చూపింది బ్రెజిల్‌లోని జరరాకా అనే పాము విషం. నాళాలను వదులుచేసే బ్రాడికైనిన్ ప్రభావాన్ని ఆ విషంలోని పదార్థం పెంచుతుందని 1960లలో సెర్జియో ఫెరీరా గుర్తించాడు. అదే యాంజియోటెన్సిన్ తయారీనీ ఆపుతుందని తర్వాత తేలింది. ఆ జాడ పట్టుకుని చేసిన క్యాప్టోప్రిల్ 1981లో అమెరికాలో అనుమతి పొందింది. చెనక్కాయ చేలో పాము కనబడితే పని వదిలి పరుగెత్తే ఊళ్లు మావి. అలాంటి విషం నుంచే ఇన్ని ప్రాణాలు నిలిపే మందు రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఎనలాప్రిల్ ఆ కుటుంబానిదే. అది వేసుకునే కొందరిని పట్టే పొడిదగ్గుకు కారణం కూడా ఒంట్లో బ్రాడికైనిన్ పెరగడమే అంటారు. ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న టెల్మిసార్టాన్ యాంజియోటెన్సిన్‌ను తయారు కానిస్తుంది గానీ దాని పని సాగనివ్వదు.

ఈ మాత్రలు పక్షవాతం నుంచి, గుండెపోటు నుంచి కాపాడుతున్నాయి. కళ్లు తిరిగాయని సొంతంగా మానేయడం ఇంకా పెద్ద ప్రమాదం. నేను చెప్పేది ఒక్కటే. మే నెల ఎండలో నీరుగంటి అవసరం ఎక్కువ పడినప్పుడే మనం అతని చేతులు కట్టేస్తున్నాం. ఆ సంగతి మాత్ర మింగే మనిషికి తెలియాలి.

ఇంతకంటే నన్ను భయపెట్టేది ఒళ్లునొప్పుల మాత్ర. పొద్దంతా మట్టి ఎత్తిన మనిషి సాయంత్రం వచ్చి "రెండు నొప్పి మాత్రలియ్యన్నా" అంటాడు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏదైనా ఒకటే తీరు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండానికి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర వాటి తయారీనే ఆపేస్తుంది. ఆస్పిరిన్ లాంటి మందులు అలా ఆపుతాయని జాన్ వేన్ 1971లో చూపించాడు, 1982లో నోబెల్ పంచుకున్నాడు. మూత్రపిండం నుంచి రక్తం బయటికి పోయే నాళాన్ని బిగించి లోపలి ఒత్తిడిని నిలిపేది యాంజియోటెన్సిన్. దాని పని బీపీ మాత్ర ఆపుతుంది. ఇక మూత్రం ఎక్కువ పోయేలా చేసే నీళ్ల మాత్ర, ఉన్న కాస్త నీటినీ బయటికి పంపుతుంది. ఈ మూడూ ఒకే ఒంట్లో పడితే, ఏ జబ్బూ లేని మూత్రపిండం కూడా కొద్ది రోజుల్లో దెబ్బతినవచ్చు. టెల్మిసార్టాన్ పేరు పక్కన 'హెచ్' అని ఉంటే నీళ్ల మందు అందులోనే కలిసి ఉన్నట్టు. వేసుకునేవాళ్లలో ఎంతమందికి అది తెలుసు?

డైక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. పొద్దున్నే మళ్లీ పనికి పోవాల్సిన మనిషిని వట్టి చేతులతో పంపడం కష్టమే, ఆ కష్టం నాకు తెలుసు. అయినా "బీపీ మాత్ర వేసుకుంటున్నావా?" అని అడగనిదే ఏ నొప్పి మాత్రా చేతికి ఇవ్వకూడదు. పారాసిటమాల్‌తో సరిపెట్టి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపాలి. మడకశిరలో మందులమ్మే మేమందరం ఈ ఒక్క ప్రశ్న అడగడం మొదలుపెడితే ఖర్చేమీ కాదు.

నీళ్లు బాగా తాగమని చెప్పి ఊరుకోవడం తేలిక. పనిచోట మరుగు లేక, ఒంటికి పోవాల్సి వస్తుందని పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు ముట్టని ఆడవాళ్లు ఉన్నారు. వయసు మళ్లినవాళ్లకు దాహమే సరిగా తెలియదు. ఉపాధి పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ ఉండాలని 2005 ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. మరుగు మాటే ఎవరూ ఎత్తరు. ఇది మర్యాద సమస్యే కాదు, గుండె సమస్య, కిడ్నీ సమస్య. గుండె బలహీనమైనవాళ్లకూ కిడ్నీ జబ్బున్నవాళ్లకూ మళ్లీ నీళ్ల లెక్క వేరు. అందుకే అందరికీ ఒకే సలహా ఇవ్వడం కుదరదు.

ఫిబ్రవరి ఆఖరులో ఏఎన్ఎంలు తమ జాబితాలోని బీపీ మనుషులందరికీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. నిలబడగానే బాగా పడిపోయేవాళ్లను ఎండలు ముదరకముందే డాక్టరు దగ్గరికి పంపాలి. వానలు పడ్డాక మళ్లీ చూడాలి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు, మూత్రం ముదురు పసుపుకు తిరిగి తగ్గిపోయిన రోజు బీపీ మాత్ర వేసుకోవాలా, ఆపాలా, ఎవరికి ఫోన్ చేయాలి? ఇది డాక్టరు మాత్ర రాసిన రోజే చెప్పి, తెలుగులోనో కన్నడలోనో చీటీ వెనక రాసి పంపాలి.